బంతిలో వలపక్షం



పెండ్లివిందులో బంతి తీరి కూర్చున్నప్పుడు, వడ్డించేవాడు తనవారి విస్తట్లో రెండు గరిటెల నేయి ఒలికించి, పక్కవాని విస్తరిని చూచీ చూడనట్లు దాటిపోతే, మన పెద్దలు ఒక మాట అనేవారు. బంతిలో వలపక్షం పనికిరాదు అనేవారు. వల అంటే కుడి. వలపటి ఎద్దు, దాపటి ఎద్దు అని రైతులు ఇప్పటికీ అంటారు గదా, ఆ వలయే ఇది. కుడివైపుకు ఒరిగిపోవడం వలపక్షం. ఆ సామెతలోని బంతి భోజనాల పంక్తియే గాని ఆడుకునే బంతి కాదు. ఆ సంగతి నాకూ తెలుసు. అయినా ఈ సాయంకాలం దానిని కొంచెం పక్కకు జరిపి, ఫుట్‌బాల్ మైదానంలోకి తీసుకుపోవాలని నా సంకల్పం. భాషావేత్తలు క్షమింతురు గాక.

నాకు నిర్ణయించిన విషయం గతకాలపు ఫుట్‌బాల్ స్పర్ధలు. స్పర్ధ అనగానే కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల దాయాదిపోరు అందరికీ జ్ఞప్తికి వస్తుంది. రాదగినదే. కాని దాని పక్కనే, ఒక పది పన్నెండేండ్ల పాటు, ఆ మహానగరపు పెద్ద జట్లకు కంటిమీద కునుకు లేకుండా చేసిన మరొక స్పర్ధ ఉండేది. అటువైపు కలకత్తా. ఇటువైపు మన హైదరాబాద్ సిటీ పోలీస్. నేను చెప్పబోయేది ఆ స్పర్ధను గురించి. దానితోపాటు ఆ కాలంవారు నేర్పిన ఒక చిన్న పనిని గురించి కూడా చెబుతాను. అది మీ వీధిలోనే, మీ పిల్లలతోనే, రేపు సాయంకాలమే చేసి చూడగల పని. ఆ పని పేరు రెండో కాలు. ఎందుకు అలా అంటున్నానో కాసేపట్లో తెలుస్తుంది.

నేను సికింద్రాబాదు రైల్వే క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. ఆ రోజులలో బొంబాయిలో జరిగిన మ్యాచి ఫలితం మాకు మరునాటి పొద్దున గాని తెలిసేది కాదు. స్టేషను ఎదుట ఒక ఇరానీ హోటలు ఉండేది. ఆ హోటలుకు వచ్చే పత్రిక ఒక్కటే. చదవగలిగినవాడొకడు గట్టిగా చదివేవాడు. మిగిలినవారు చాయ్ సాసరులో పోసుకొని, చప్పుడు చేస్తే అక్షరాలు ఎక్కడ చెదిరిపోతాయో అన్నట్లు, మెల్లమెల్లగా చప్పరించేవారు. మా నాయన నన్ను భుజంమీద ఎక్కించుకొని గుంపు వెనుక నిలబడేవాడు. అక్కడ నేను విన్న మొట్టమొదటి మాట రోవర్స్ కప్పు. ఆ కప్పు ఏ ఆకారంలో ఉంటుందో నాకు తెలియదు. మా పోలీసులు గెలిచినారు అని మాత్రం తెలుసు. ఆనాడు బొంబాయిలో జరిగే ఆ పోటీని హైదరాబాద్ సిటీ పోలీస్ 1950లో గెలిచింది. 1951లో గెలిచింది. 1952లో, 1953లో, 1954లో కూడా గెలిచింది. ఐదేండ్లు. వరుసగా ఐదేండ్లు. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ కప్పు మాదే కాబట్టి, అది ప్రతి యేడూ సంక్రాంతి వచ్చినట్లు దానంతట అదే వస్తుందనీ, దానికోసం ఎవరో చెమటోడ్చవలసి ఉంటుందన్నది ఒట్టి మాట అనీ అనుకునేవాణ్ణి.

ఇంతకూ ఆ ఆడేవారెవరు? పేరుకు పోలీసు ఉద్యోగులు. లాఠీ పట్టే చేయి, పొద్దున పరేడు, నెలకు జీతం. ఫుట్‌బాల్ ఆడడమే వృత్తి అని కాగితంమీద వ్రాసుకొన్నవాడు ఆనాడు ఈ దేశంలో దాదాపు లేడు. కలకత్తా క్లబ్బులవారికీ ఏదో ఒక ఆఫీసులో ఉద్యోగం చూపేవారు. పేరు ఔత్సాహికులే గాని, ఆట మాత్రం ప్రాణం. ఆ బంతి ఎట్లుండేదో ఈ కాలపు పిల్లలకు చెప్పినా నమ్మరు. తోలు ముక్కలు కుట్టి, లోపల రబ్బరు బ్లాడరు పెట్టి, గాలి కొట్టి, దాని మూతిని మడిచి దారంతో బిగించి, లోపలికి తోసి, పైన తోలు లేసుతో బూటు కట్టినట్లు కట్టేవారు. వాన పడితే ఆ తోలు నీరు పీల్చి, బంతి తడిసిన బియ్యపుమూట అంత బరువెక్కేది. తలతో కొట్టేటప్పుడు లేసు ఉన్న వైపు నుదుటికి తగిలిందో, ఆ ముడి గుర్తు సాయంకాలం దాకా నుదుటిమీద కనబడేది. నా నుదుట కూడా కొన్నాళ్ళు ఉన్నది. మా అమ్మ అది చూచి, చదువుకొమ్మంటే తలరాత ఇట్లా వ్రాయించుకొచ్చినావా అని పసుపు పెట్టింది.

ఆ పోలీసు జట్టుకు 1950 నుంచి శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టిన ఆయన వృత్తిచేత బడిపంతులు. ఈ సంగతి నాకెంతో ముఖ్యమనిపిస్తుంది. మేటి ఆటగాడు మంచి శిక్షకుడు కావచ్చును, కాకపోవచ్చును. కాని బడిపంతులుకు ఒక గుణం అలవడి ఉంటుంది. తెలివైనవాణ్ణి చూచి మురిసిపోవడంతో అతని పని తీరదు. రాని పిల్లవానికి ఎందుకు రావడంలేదో అతడు కనిపెట్టవలె. రహీం సాబ్ ఆటగాళ్ళలో అదే చూచినాడు. వీడికి ఏది రాదు? దానిని వచ్చేట్టు చేయడం ఎట్లా?

ఆయన పెట్టిన పోటీలను గురించి విన్నవారు మొదట నవ్వేవారట. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయరాదని నిబంధన. బంతి కాలికి తగలగానే ఇంకొకనికి అందించివేయవలసిందే గాని, దానిని ముద్దు చేసుకుంటూ నలుగురిని తప్పించుకొని పోరాదు. ఇంకొక పోటీలో పొట్టివాళ్ళు మాత్రమే ఆడవలె. మరొక పోటీ మరీ విచిత్రం. ఆటగాడు తన వాటమైన కాలితో కొట్టరాదు. కుడికాలు వాటమైనవాడు ఎడమకాలితోనే ఆడవలె. ఎడమకాలివాడు కుడికాలితో. అనగా, బంతిలో వలపక్షం పనికిరాదని ఆ ఉర్దూ మాట్లాడే పంతులుగారు మన సామెత వినకుండానే శాసనం చేసినారన్నమాట.

డ్రిబ్లింగ్ వద్దన్న నియమాన్ని కొంచెం విడమరచి చెబుతాను. ఇల్లు కట్టేచోట కూలివారు ఇటుకలు అందించుకోవడం మీరు చూచే ఉంటారు. కుప్ప దగ్గరినుంచి గోడ దాకా పది మంది వరుసగా నిలబడతారు. ఒకని చేతినుంచి మరొకని చేతికి ఇటుక గాలిలో ఎగిరిపోతూ ఉంటుంది. ఆ వరుసలో ఒకడు ఇటుకను పట్టుకొని, దాని అందం చూచి, అటు తిప్పి ఇటు తిప్పి, ఆ తరువాత అందించినాడనుకోండి. ముందున్నవాని చేతులు ఖాళీ. వెనుకనున్నవాని చేతులు నిండు. తాపీపనివాడు గోడమీదనుంచి తిట్లు లంకించుకుంటాడు. ఇటుక ఎవరి చేతిలోనూ ఆగకపోవడమే ఆ వరుసకు బలం. రహీం సాబ్ ఆట అంతా ఆ ఇటుకల వరుసయే. బంతి పరుగెత్తినంత వేగంగా మనిషి పరుగెత్తలేడు. కాబట్టి బంతినే పరుగెత్తించు. ఇంతే.

కలకత్తాలో ప్రేక్షకుల రుచి వేరు. అక్కడి మైదానానికి వచ్చేవాడు బంతిని కాలికి అంటించుకొని ఇద్దరిని ముగ్గురిని బోల్తా కొట్టించే ఒంటరి విన్యాసానికి ప్రాణమిచ్చేవాడు. అది తక్కువ సంగతి కాదు. మన సంగీత సభలలో రాగాలాపనకు తలలూపినట్లే అది కూడా. ఈస్ట్ బెంగాల్ జట్టుకు ఆనాడు ముందువరుసలో ఐదుగురు ఉండేవారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. వారిని అక్కడివారు పంచపాండవులు అని పిలుచుకున్నారు. బెంగాలు జట్టులో పాండవులైదుగురు దక్షిణాదివారే కావడమూ, అందులో ఒకరి పేరు అప్పారావు కావడమూ తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది. వీరి బలంతో ఈస్ట్ బెంగాల్ 1949, 1950, 1951 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు ఐ.ఎఫ్.ఏ. షీల్డు పోటీని గెలిచింది. అటు ఆ ఒంటరి విన్యాసపు రుచి, ఇటు ఈ ఇటుకల వరుస. ఈ రెండు పద్ధతులూ ఎదురుపడడమే ఆ మ్యాచిలను అంతగా మనసుకు పట్టేటట్లు చేసింది. ఒకే తీరుగా ఆడే ఇద్దరి మధ్య పోటీ ఉండవచ్చును గాని, రుచి ఉండదు.

1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు ఫైనలులో మన పోలీసులు మోహన్ బగాన్‌ను ఓడించినారు. మోహన్ బగాన్ అంటే సామాన్యం కాదు. 1889లో పుట్టిన క్లబ్బు. 1911లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటు తెల్లదొరల జట్టును 2-1 గోల్సుతో ఓడించి అదే షీల్డు గెలిచినందుకు, ఆటను దాటి జాతీయోద్యమ చరిత్రలోకి ఎక్కిన క్లబ్బు. అట్టిదానిని ఒక సంస్థానపు నగరంలోని పోలీసు జట్టు ఓడించింది. తిరిగి 1957లో మనవాళ్ళు అదే కప్పు ఫైనలులో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించినారు. 1950, 1957. ఈ రెండు సంవత్సరాలను దయచేసి గుర్తుంచుకోండి. వీటితో నాకు ఒక పరాభవం జరిగింది. అది తరువాత చెబుతాను.

ముందు రెండో కాలు సంగతి. మేము పిల్లలం రహీం సాబ్ పెట్టిన పోటీని గురించి పెద్దల నోట విని, క్వార్టర్ల వెనుక బొగ్గునుసి పరచిన ఖాళీ జాగాలో దానిని ఆడి చూచాము. నియమం తేలిక. వాటమైన కాలి మడమకు పైన చేతిగుడ్డ కట్టుకోవలె. గుడ్డ ఉన్న కాలితో బంతిని తాకితే ఫౌలు. పరుగెత్తడానికి రెండు కాళ్ళూ, కొట్టడానికి ఒక్కటే. మొదటి సాయంకాలం జరిగింది ఆట అనడానికి వీలులేదు. ముందుకు కొట్టిన బంతి వెనక్కు పోయింది. మా జట్టులో మేటి అనుకున్నవాడు బలమంతా కూడగట్టి ఎడమకాలు విసిరితే, బంతి అక్కడే ఉన్నది, బూటు మాత్రం ఎగిరి స్టోరు బాబుగారి దొడ్లో ములగచెట్టుమీద పడింది. ఆ చెట్టుకింద నిలబడి, అడగాలా వద్దా అని మేము గుసగుసలాడుకున్న ఆ ఐదు నిమిషాలూ నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లు ఉన్నాయి.

రెండు వారాలు గడిచేసరికి మాకే తెలియకుండా ఒక మార్పు వచ్చింది. అది కాలిలో వచ్చిన మార్పు అని మేము అనుకున్నాము. నిజానికి చూపులో వచ్చింది. ఎట్లాగంటారా? కుడిచేతిలో కూరగాయల సంచి ఉన్నప్పుడు ఇంటి తాళం ఎడమచేత్తో తీయవలసి వస్తుంది చూడండి. తాళంచెవి రంధ్రంలోకి పోదు. సంచి దించి, చేయి మార్చి, తాళం తీసి, మళ్ళీ సంచి ఎత్తుకుంటాము. ఇంటి ముందైతే ఫరవాలేదు. మైదానంలో ఎదుటివాడు రెండడుగుల దూరంలో ఉన్నాడు. బంతి ఎడమకాలి పక్కకు వచ్చింది. వాటమైన కాలికి దానిని మార్చుకునే ఆ ఒక్క అడుగు చాలు అతనికి. బంతి పోయింది. పైగా ఆ అడుగు వేసేటప్పుడు ఆటగాడు తల వంచి బంతినే చూస్తాడు గాని, మైదానం చూడడు. రెండో కాలు కుదిరినవాడు తల ఎత్తి ఉంచుతాడు. అతనికి అటుకొసన పరుగెత్తుతున్న తనవాడు కనబడతాడు. మగ్గం గుంటలో కూర్చున్న నేతగాడు కాళ్ళకింది పలకలను ఒకదాని తరువాత ఒకటిగా రెండు పాదాలతోనూ తొక్కుతూ ఉంటాడు. అతని కళ్ళు కాళ్ళ మీద ఉండవు. బట్టమీద ఉంటాయి. ఒక్క కాలే పనిచేసే నేతగాడు ఎక్కడైనా ఉన్నాడా?

కాబట్టి తల్లిదండ్రులకు, బడి పంతుళ్ళకు నా మనవి ఇది. వారానికి ఒక్క సాయంకాలం పిల్లల వాటమైన కాలికి ఒక గుడ్డ కట్టండి. ఖర్చు లేదు. గుడ్డ పీలిక చాలు. పిల్లలు మొదట విసుక్కుంటారు. పెద్ద ఆటగాడనిపించుకున్న పిల్లవాడు అందరికంటే ఎక్కువ విసుక్కుంటాడు. ఆడలేడని వెనుక కూర్చోబెట్టిన పిల్లవాడు ఆ రోజు అతనితో సమానంగా నిలబడతాడు. ఆ సంతోషం చూడడానికైనా కట్టండి. రెండో కాలును మరచిపోకండి.

ఇక నా పరాభవం. ఉద్యోగరీత్యా నేను కొన్నేండ్లు కలకత్తాలో ఉండవలసి వచ్చింది. ఆఫీసులో నాకంటే పదేండ్లు పెద్ద, ఒక బెంగాలీ గుమాస్తా ఉండేవారు. దాదా అని పిలిచేవాణ్ణి. ఆయన తల్లిదండ్రులు తూర్పు బెంగాలునుంచి దేశవిభజనలో ఇల్లూ వాకిలీ వదలి వచ్చినవారు. అట్టివారికి 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఉత్త క్లబ్బు కాదు. పోగొట్టుకున్న ఊరి పేరును నోరారా అరవడానికి మిగిలిన ఒకే ఒక్క చోటు. ఆ జట్టు గెలిచిననాడు ఆయన ఇంట్లో ఇలీశ్ చేప వండవలసిందే. మనం గోదావరిలో పులస అని చెప్పుకునేది దీనినే. ఎదిరిపక్షం మోహన్ బగాన్ గెలిస్తే వాళ్ళ ఇండ్లలో రొయ్యల కూర. ఆట ముగిసిన సాయంకాలం చేపల బజారులో ధర చూచి గెలిచిందెవరో చెప్పవచ్చునని ఆయన అనేవారు.

ఒకనాడు మధ్యాహ్నం ఆయన టిఫిను డబ్బా విప్పుతూ ఉండగా నేను మా పోలీసుల ప్రతాపం ఎత్తుకున్నాను. రోవర్స్ ఐదుసార్లు అన్నాను. 1950లో మోహన్ బగాన్‌ను అన్నాను. 1957లో మీ ఈస్ట్ బెంగాల్‌ను అన్నాను. ఆయన అంతా విన్నారు. ముల్లు తీసి పక్కన పెట్టుకున్నారు. మెల్లగా, 1952లో ఏం జరిగింది అన్నారు. నాకు తెలియదు. 1956లో? నాకు తెలియదు. 1952లోనూ 1956లోనూ అదే డ్యూరాండ్ కప్పు ఫైనలులో అదే ఈస్ట్ బెంగాల్ మా జట్టును ఓడించింది. 1956 నాటికి నాకు పద్నాలుగేండ్లు. ఇరానీ హోటలులో ఆ వార్తా చదివే ఉంటారు. నేను వినే ఉంటాను. అయినా నా జ్ఞాపకం ఆ రెండు సంవత్సరాలను విస్తట్లోని కరివేపాకువలె అంచుకు నెట్టివేసింది. బంతిలో వలపక్షం అంటే ఇదే గదా అని ఆనాడు నాకు చెంప ఛెళ్ళుమన్నట్లయింది.

విచిత్రమేమంటే, ఆయనకు కూడా 1957 సంగతి తెలియదు. తెలిసీ మరచిపోయినారో, మరచిపోవలెనని పెట్టుకున్నారో, ఆయనే చెప్పలేకపోయినారు. ఇద్దరి లెక్కలూ కలిపితే గాని అసలు లెక్క తేలలేదు. ఆ తరువాత నేను హైదరాబాదు తిరిగి వచ్చినా, ఏటేటా జనవరిలో మా మధ్య కార్డులు నడిచేవి. ఆయన కార్డులో క్షేమసమాచారాల అడుగున 1952, 1956 అని రెండే అంకెలు. నా కార్డు అడుగున 1950, 1957. టపా బంట్రోతు దానిని ఏ రహస్య సంకేతమనుకున్నాడో!

శ్రోతలారా, ఈ స్పర్ధ ఎందుకు ఆరిపోయిందో కూడా చెప్పవలె. దీనికి శత్రువులెవరూ లేరు. బండికి వలపట ఒక ఎద్దు, దాపట ఒక ఎద్దు ఉంటేనే గదా కాడి నిలుస్తుంది. కలకత్తా క్లబ్బులు దాపటి ఎద్దును కొనుక్కొనిపోయి తమ కొట్టంలో కట్టుకున్నవి. సికింద్రాబాదు శివారు అమ్ముగూడలో బీదయింట పుట్టిన తులసీదాస్ బలరాం కథ చూడండి. శిక్షణకు హైదరాబాదు రమ్మని రహీం సాబ్ పిలిస్తే, రావడానికి దారిఖర్చు లేదని ఆ కుర్రవాడు చెప్పినాడు. సైకిలు అద్దెకు తీసుకోమని రహీం సాబ్ చేతిలో డబ్బు పెట్టినారు. ఈ సంగతి బలరాం తానే ముచ్చటించుకున్నది. ఆ అద్దె సైకిలుమీద వచ్చిన కుర్రవాడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సు జట్టులో ఉన్నాడు. 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరినాడు. 1961లో ఆ జట్టుకే నాయకుడైనాడు. కడపటికి బెంగాలులోని ఉత్తరపాడాలోనే స్థిరపడి, 2023లో కన్నుమూసినాడు. అతనిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పోలీసు జీతం ఎంత? కలకత్తాలో ఒక గోలుకు లేచే కేక ఎంత?

ఆ తరువాత దారి పడింది. 1966లో మన నయీముద్దీన్ కలకత్తాకు వెళ్ళినాడు. అదే యేడు మన హబీబ్ వెళ్ళినాడు. హబీబ్ కలకత్తా పెద్ద క్లబ్బులు మూడింటికీ ఆడినాడు. ఆడుతున్నంతకాలం ఉద్యోగం వద్దని, ఆటనే నమ్ముకున్నందుకు ఈ దేశపు మొదటి అసలైన వృత్తి క్రీడాకారుడు అతడే అంటారు. 1977 సెప్టెంబరులో పేలే న్యూయార్క్ కాస్మాస్ జట్టుతో ఈడెన్ గార్డెన్సుకు వచ్చినప్పుడు, 2-2తో సమమైన ఆ మ్యాచిలో మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్సులో ఒకటి హబీబుది. అతని తమ్ముడు అక్బర్ 1976లో మోహన్ బగాన్ పక్షాన ఆడుతూ, ఆట మొదలైన 17 సెకండ్లకు ఈస్ట్ బెంగాల్‌మీద గోలు కొట్టినాడు. ఇరుపక్షాల ప్రేక్షకులూ ఇంకా కూర్చోనేలేదు. కలకత్తావారి దాయాదిపోరుకు పిడకలు మన హైదరాబాదునుంచి పోయినవి. మన పొయ్యి మాత్రం చల్లారింది. 1963 జూన్ 11న రహీం సాబ్ మరణించినారు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అని పేరు మార్చుకొన్న జట్టు 1961లో డ్యూరాండ్ ఫైనలులో మోహన్ బగాన్‌ను ఓడించింది గాని, 1963లో మోహన్ బగాన్ ఆ బాకీ తీర్చుకున్నది. చూచినారా, ఈసారి రెండూ చెప్పినాను.

పాతకాలం అంతా బంగారమని చెప్పడానికి కూడా నాకు మనసొప్పదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్సులో ఆ రెండు కలకత్తా జట్ల ఆటలో ప్రేక్షకుల మధ్య రేగిన కొట్లాటలోనూ తొక్కిసలాటలోనూ 16 మంది ప్రాణాలు పోయినవి. ఆ మరుసటి జనవరి కార్డులో దాదా అంకెలు వ్రాయలేదు.

పోటీదారులు ఒక్కటైతే ఏమవుతుందో కూడా ఆ తరం చూపించింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. భారత జట్టు శిక్షకుడు రహీం సాబ్, ఆరోగ్యం అప్పటికే శిథిలం. బలరాం ఉన్నాడు. మన యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. గోలులో హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్. వారి పక్కన మోహన్ బగాన్ చునీ గోస్వామి నాయకుడు, ఈస్టర్న్ రైల్వే పి.కె. బెనర్జీ, వెనుక జర్నైల్ సింగ్. మొదటి మ్యాచిలో దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించింది. ఆ తరువాతి మ్యాచిలో జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడినవి. వెనుక కాపలా కాసే ఆ మనిషిని రహీం సాబ్ ముందుకు తెచ్చి గోలు కొట్టేవాని స్థానంలో నిలబెట్టినారు. అదీ రెండో కాలువంటి ఆలోచనయే. ఫైనలులో మళ్ళీ అదే కొరియా. పి.కె. ఒక గోలు కొట్టినాడు. కట్టు కట్టుకున్న తలతో ఆడిన జర్నైల్ మరొకటి కొట్టినాడు. 2-1. బంగారు పతకం. అప్పటినుంచి ఇప్పటివరకు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారం మనకు మళ్ళీ దక్కలేదు.

మొన్న ఆదివారం మా కాలనీ పార్కులో మా మనుమడు, వాని స్నేహితులు బంతి ఆడుతున్నారు. ఎవరి చొక్కామీద చూచినా ఏదో యూరోపు క్లబ్బు పేరే. నేను జేబులోని చేతిగుడ్డ తీసి వాని కుడికాలికి కట్టినాను. వాడు విసుక్కున్నాడు. రెండుసార్లు పడ్డాడు. మూడోసారి ఎడమకాలితో కొట్టిన బంతి నేరుగా చెప్పుల గోలులోకి పోయేసరికి, వాడే నమ్మలేక నావైపు చూచినాడు. ఇంటికి నడిచి వస్తూ, తాతా, మీ పోలీసులు ఎప్పుడైనా ఓడిపోయినారా అని అడిగినాడు.

దాదా కార్డు రావడం మానేసి చాలా సంవత్సరాలైంది. ఆ రెండు అంకెలు చెప్పడానికి ఇప్పుడు వేరెవరూ లేరు. అందుచేత ముందు 1952 చెప్పినాను. ఆ పిమ్మట 1956 చెప్పినాను. 1950 దగ్గరకు వచ్చేసరికి ఇల్లు వచ్చేసింది.